వాడపల్లిలో ఉన్న సినిమా

పోయిన ఆదివారం నల్గొండలో సినిమాకు పోయాను. విరామం తర్వాత హీరో ఏడ్చాడో, ఎవరినైనా ఏడిపించాడో నాకు తెలియదు. నేను తెర వైపు చూడటం లేదు. కుర్చీలో వెనక్కి తిరిగి నా వెనక వరుసలో వాళ్ళ ముఖాలు చూస్తున్నాను. ఒకామె కొంగుతో కళ్ళొత్తుకుంటూనే నన్ను పట్టేసింది.

"ఏందమ్మా, మా మొఖాలు చూస్తున్నవ్? సినిమా అటున్నది!"

"మా డైరెక్టర్ సాబ్ ఇటే చూడుమన్నడు" అనేశాను, నోరు జారి.

ఆమె తన పక్కనున్న మనిషి చెవిలో ఏదో అంది. పిచ్చిది అనే అని ఉంటుంది. నేను ముందుకు తిరిగి నవ్వుకున్నాను, నవ్వుతుంటే కళ్ళు నిండాయి. ఈ అలవాటు నాకు అంటించిన మనిషి పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా అయిపోయింది.

ఆయన పేరు రాయడం లేదు. రామన్నపేటలో డైరెక్టర్ సాబ్ అంటే ఒక్కడే. ఆటోవాళ్ళు, కూరగాయలమ్మే వాళ్ళు, దవాఖానలో చీటీ రాసేవాళ్ళు అందరూ అలాగే పిలిచేవారు. తీసింది ఒక్క సినిమా. అదీ నేను పుట్టకముందు. హీరో కూడా హీరోయిన్ కూడా మన మాటే మాట్లాడే సినిమా మా వైపు అదే మొదటిదని పెద్దవాళ్ళంటారు. మన యాస వినబడితే హాల్లో నవ్వే రోజుల్లో ఆ యాసలోనే జనాన్ని ఏడిపించాడట. ఆ ముక్క చెప్పేటప్పుడు రామన్నపేట ముసలివాళ్ళకు ఇప్పటికీ నడుములు నిటారుగా అవుతాయి.

నేను అక్కడి కాలేజీలో తెలుగు చెప్తాను. మాది భువనగిరి. రామన్నపేటకు బదిలీ అయి వచ్చిన ఏడాది, రాష్ట్రం వచ్చిన కొత్త, కాలేజీలో ఆయనకు సన్మానం పెట్టారు. శాలువా కప్పారు, దండ వేశారు. వేదిక మీద కుర్చీలో కూర్చోబెడితే ఆయన మాట్లాడేవాళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మా పిల్లల ముఖాలే ఒక్కొక్కటీ చూసుకుంటూ కూర్చున్నాడు, సంతలో మేకలు చూసినట్టు. నాకు కొంచెం చిరాకేసింది. నా నోరు మంచిది కాదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది, నిజమే. లేచి మైకులోనే అడిగాను.

"సార్, మీ సినిమా గొప్పదని అందరూ చెప్తున్నారు. మా పిల్లలు చూడాలంటే ఎక్కడ దొరుకుతుంది?"

ఆయన చాలా మామూలుగా, "వాడపల్లిల ఉన్నది బిడ్డా" అన్నాడు.

వెనకున్న ముసలివాళ్ళు గొల్లున నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు. వాడపల్లి అంటే కృష్ణలో మూసీ కలిసే చోటు. మా జిల్లాలో అస్థికలు కలపడానికి అక్కడికే పోతారు. అక్కడ సినిమా ఏమిటి? వేదిక దిగి వస్తున్న మనిషి దండ తీసి నా చేతిలో పెట్టి, "ఇంటికి రా, చెప్త. గిక్కడ చెప్తె మల్ల నవ్వుతరు" అన్నాడు. అప్పుడు చూశాను ఆయన ముఖం. ఆ నవ్వు ఆయనకు తగిలింది.

మరునాడు పోయాను. ఆయన కూతురు, అక్కడి దవాఖానలో నర్సు, నాకు చాయ ఇచ్చి నవ్వింది. "బాపును అడిగినవా అక్కా? ఇగ పొద్దుగూకుతది కూసో" అంది.

వాళ్ళది పటం కథలు చెప్పే ఇల్లు. పొడవైన బట్ట మీద నకాషీ వాళ్ళు బొమ్మలు రాస్తారు. దాన్ని కట్టెకు వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మా విప్పుకుంటూ, కట్టెపుల్లతో చూపిస్తూ ఊరూరా కథ చెప్తారు. ఆయన నాయిన ఆ పనిలో పేరున్న మనిషి. పటం వాళ్ళకు దేవుడితో సమానం. అది ముసలిదై చినిగిపోతే చెత్తలో పారేయరు. కొత్త పటం రాయించుకుని, పాతదానికి మనిషి పోతే చేసినట్టే అన్నీ చేసి నదిలో సాగనంపుతారు.

"నా సినిమా రీళ్ళు ఆరు డబ్బాలు. ఉన్నది గదొక్కటే కాపీ" అని మొదలుపెట్టాడు సాబ్. "ఊర్లెల్ల డేరాలేసి ఆడించిన. ఆడి ఆడి అరిగిపోయింది. మద్రాసుల అసలు ఫిలిం ఉన్న జాగా మూతవడ్డది. ఇంకో సినిమా కోసం నేను మద్రాసుల తిరుగుతున్న. డబ్బాలు ఇంట్లనే ఉన్నయి. పాత రీలు పుల్లటి వాసనొస్తది బిడ్డా, ముక్కు పగులుతది. ఇంటికొచ్చి చూస్తె డబ్బాలు లేవు. బాపూ, నా రీళ్ళేవి అన్న. మా బాపు మొఖం ఎలిగిపోతాంది. 'ముసలిదైంది కొడుకా, వాసనొస్తాంది. మర్యాదగ సాగనంపిన' అన్నడు."

నేను చాయ కప్పు కింద పెట్టేశాను.

"డబ్బాలకు పసుపు రాసిండట. కొత్త బట్టల మూట కట్టిండట. నల్గొండ, మిర్యాలగూడ బస్సులు మారుకుంట, మూట ఒళ్ళె పెట్టుకొని వాడపల్లికి పోయిండు. కొబ్బరికాయ కొట్టి, నీళ్ళల్ల విడిచిండు. మనిషి పోతె పెట్టినట్టే మూడోనాడు పిట్టకు గూడ పెట్టిండు."

"పిట్టకు పెట్టాడా? సినిమాకా?" అన్నాను.

"ఆఁ. సినిమాకే. కోడికూర వండి."

"మరి మీరేమన్నారు?"

"ఏమంట? బాపు పక్కన కూసోని అన్నం తిన్న. పెరట్లకు పోయి ఏడ్సిన. ఒచ్చి మల్ల తిన్న." గొంతు సవరించుకున్నాడు. "ఏడ్సుడు ఏడ్సుడే. కని జర ఆలోచించు బిడ్డా. మా బాపు తన జిందగీల పటానికి తప్ప దేనికీ దండం పెట్టలే. నా రీళ్ళను పటం అనుకున్నడు. గంత పెద్ద ఇనాం ఎవ్వడిస్తడు నాకు?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఛాతీ నిజంగానే పొంగింది. నేను పుస్తకాల్లో 'ఛాతీ పొంగింది' అని చదివి పిల్లలకు అర్థం చెప్పాను గానీ, చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆయన మళ్ళీ సినిమా తీయలేకపోయాడు. ఎందుకని అడిగితే, "కాలే" అని ఒక్క మాటే. ఊళ్ళో మాత్రం ఒక నవ్వు మిగిలిపోయింది. తీసినోడు ఒకడు, నీళ్ళల్ల కలిపినోడు ఒకడు అని. "నన్ను నవ్వితె నవ్వుండ్రి. మా బాపును నవ్వొద్దు. గదొక్కటే నా లొల్లి" అనేవాడు. నాయిన కళ్ళు మూసేటప్పుడు అడిగాడట, కొత్తది రాసినవా కొడుకా అని. పాతది పోతే కొత్తది రావాలి, అది వాళ్ళ ఇంటి ధర్మం. సినిమా తీయలేని కొడుకు నకాషీ ఆయనను ఇంట్లో కూర్చోబెట్టుకుని, తన సినిమాను బొమ్మ తర్వాత బొమ్మ గుర్తు చేసుకుని, ఇరవై మూరల పటం రాయించాడు. అప్పటి నుంచి దాన్ని పట్టుకుని సినిమా చెప్పడం మొదలుపెట్టాడు.

చెప్పడం అంటే అలా ఇలా కాదు. చెప్పులు కుట్టే శబ్దం, బొక్కెన బాయికి తగిలే శబ్దం, అత్త సణుగుడు, అన్నీ నోటితోనే. నేను ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. చూశాను అనే అంటాను. కథ చిన్నదే. నీళ్ళు లేని ఊళ్ళో ఒక ఆలుమగలు బాయి తవ్వుతారు. ఊరంతా నవ్వుతుంది. మగడు మధ్యలో చాలించుకుంటాడు. ఆమె చాలించుకోదు. చివరికి ఒకరోజు అందరూ బాయి చుట్టూ మూగి లోపలికి చూస్తారు. ఆ ముఖాలే చివరి బొమ్మ. నీళ్ళు కనబడవు.

"అదేంటి సాబ్, నీళ్ళు చూపించకుండా ఎలా ముగించారు?" అని మొదట్లో గొడవపడ్డాను.

"నీళ్ళేం చూపిస్తం? నీళ్ళు అందరు చూసిందే. నీళ్ళు చూసినోని మొఖం చూపియ్యాలె" అన్నాడు. అది నాయిన నేర్పిన విద్యేనట. కథ చెప్పేటప్పుడు పుల్ల బొమ్మ మీద, కళ్ళు జనం మీద. బొమ్మ మనకు తెలిసిందే, వాళ్ళ ముఖాలే రోజూ కొత్త.

అందుకే ఆయన ఎక్కడికి పోయినా ఎదురు దిక్కుకు తిరిగి కూర్చునేవాడు. సినిమా హాల్లో ముందు వరుసలో టికెట్ తీసుకుని తెరకు వీపు పెట్టేవాడు. బతుకమ్మ నాడు ఆడేవాళ్ళను వదిలేసి గోడలెక్కి చూసేవాళ్ళను చూసేవాడు. ఓట్ల లెక్కింపు నాడు చాయ హోటల్లో టీవీ కింద నిలబడి, గెలుస్తున్నదెవరో అడక్కుండానే ముఖాలు చూసి చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని హోటలాయన ఇప్పటికీ పందెం కడతాడు.

ఆయన చలవతో మా రామన్నపేట పెళ్ళి వీడియోలు కూడా వేరే రకం. ఇక్కడి కెమెరావాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఆయన అరుగు మీద చాయ తాగినవాళ్ళే. జీలకర్ర బెల్లం వేళ, పుస్తె కట్టే వేళ, కెమెరా పెళ్ళికూతురు తల్లి ముఖం మీద ఉంటుంది. పుస్తె కట్టింది ఎవరికీ కనబడదు. బయటి ఊరి వియ్యాలవారు వీడియో చూసి, "అసలు పెండ్లి ఏదయ్యా?" అని ఎగిరిపడతారు. ఏడాది తిరిగేసరికి అదే వీడియో పెట్టుకుని కూర్చుని ఏడుస్తారు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చింది ఆ మధ్యనే. మన సినిమాల చరిత్ర రాస్తున్నాడు. నేనే ఉత్తరం రాసి పిలిపించాను. ఆయన ఈ సినిమాను పుస్తకంలో రాస్తే ఇక ఎవరూ నవ్వరు కదా అని నా ఆశ. సాబ్ ఆ రోజు ఇస్త్రీ అంగీ వేసుకుని, పొద్దున్నుంచే పటం దులిపి పెట్టుకున్నాడు. పెద్దమనిషి మంచివాడే, నెమ్మదస్తుడు. కానీ సాబ్ కట్టెకు పటం తగిలించి గొంతు సవరించుకోగానే చెయ్యెత్తాడు.

"క్షమించండి, కథ తర్వాత వింటాను. ప్రింటు గానీ, కనీసం ఒక రీలు గానీ ఉందా? ఆధారం లేకుండా నేను రాయలేను."

"ప్రింటు లేదు సార్. సినిమా ఉన్నది" అన్నాడు సాబ్.

"ప్రింటు ఏమైంది?"

సాబ్ నా వైపు చూశాడు. నేను చెప్పాను. నాయిన సంగతి, పసుపు సంగతి, వాడపల్లి సంగతి. పెద్దమనిషి తల పట్టుకున్నాడు. "అయ్యయ్యో! ఎంత పని చేశారండీ ఆ పెద్దాయన! తెలియక మొత్తం నాశనం చేశారు కదా" అన్నాడు. ఆయన బాధపడే అన్నాడు. కానీ సాబ్ పటం చుట్టేశాడు. పెద్దమనిషి బస్సు ఎక్కేదాకా మర్యాదగా సాగనంపి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

నాకు మండిపోతోంది. పిలిచింది నేనే కదా. "పోనీలెండి సాబ్. ఆ పుస్తకంలో పేరు లేకపోతే ఏమైంది మీకు?" అన్నాను.

"నాకు పేరొద్దంటె అబద్ధం బిడ్డా. కావాలె. కని గదిగాదు నొప్పి. నాశనం చేసిండు అన్నడు, విన్నవా? నా సినిమా లేదంటె, మా బాపు పిచ్చోడైతడు. ఉన్నదంటె, మా బాపు పెద్దమనిషైతడు." తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నీకొక ముచ్చట చెప్త. గిది పటంల గూడ లేదు. గా ఆఖరు బొమ్మ ఉన్నది గద, అందరు బాయిలకు చూసేది. బాయిల నీళ్ళు లేవు. ఉత్త రాళ్ళే. ఎన్నిసార్లు తీసినా మొఖాలు సచ్చినట్టే ఉంటున్నయి. లేని నీళ్ళను చూసి ఏం మురుస్తరు పాపం? అప్పుడు మా బాపుకు మోకు కట్టి బాయిలకు దింపిన."

"బావిలోకా?"

"ఆఁ. అడుగుల నిలవడి కథ ఎత్తుకున్నడు. కింది నుంచి పాట లేస్తాంది. ఒక్కొక్కడు మెడలు సాపి వంగిండ్రు. నవ్వేటోళ్ళు నవ్వుతున్నరు, ఏడ్సేటోళ్ళు ఏడుస్తున్నరు. ఇగ నేను కెమెరా తిప్పిన. గా సినిమాల నీళ్ళంటె మా బాపే. ఎవ్వలకూ కనవడడు. కని ఆయన లేకుంటె సినిమానే లేదు."

ఆ తర్వాత రెండేళ్ళే బతికాడు. పోయే ముందు కూతురికి ఒకటే చెప్పాడట. కొత్త పటం రాయించి, పాతదాన్ని వాడపల్లికి పంపమని.

ఆయన పోయిన రెండు నెలలకు, ఆ వార్త పాత పేపర్లో చూసి పెద్దమనిషి నాకు ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆ పటం ఒక్కటే ఆధారం, దాన్ని భద్రపరుద్దాం, ఇప్పించండి అని. నేను పరుగెత్తుకుంటూ పోయాను కూతురి దగ్గరికి. ఆమె పటం ముందు కూర్చుని పసుపు కలుపుతోంది.

"నీకేమైనా మతి పోయిందా? ఒకసారి జరిగింది చాలదా? మళ్ళీ అదే తప్పు చేస్తావా?" అని అరిచాను. నిజంగా అరిచాను. సాబ్ కోరికేమిటో తెలిసి కూడా అరిచాను.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "అక్కా, తాత చేసింది తప్పు గాదు. వరుస తప్పింది. కొత్తది రాకముందే పాతది పోయింది. నేను వరుస తప్పనియ్య. అటు చూడు." చూశాను. గది ఆ చివర కొత్త బట్ట, తెల్లసుద్ద పూత ఆరి, సగం దాకా బొమ్మలు రాసి ఉంది. రోజూ డ్యూటీ దిగి వచ్చి నకాషీ ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్క బొమ్మా చెప్పి రాయిస్తోంది. "పాతదాన్ని డబ్బాల పెట్టి తాళమేస్తె అది ఉంటది. సినిమా ఉండది. ఎవ్వలన్న చెప్పాలె గద?"

"ఎవరు చెప్తారు? మీ ఇంట్లో ఇప్పుడు మగవాళ్ళెవరున్నారు?" అన్నాను. ఆ ఇంట్లో ఆడవాళ్ళు తాళాలు వాయించి వంత పాడారు గానీ, పుల్ల పట్టుకున్నవాళ్ళు లేరు.

"నేను లేనా?" అంది.

పాత పటానికి ఒక్కొక్క బొమ్మా ఫోటో తీయనిమ్మన్నాను. "తీస్కో, ఫికర్ లేదు" అంది. పెద్దమనిషికి ఫోటోలు పంపాను. వాటితో పాటు, 'నాశనం చేశారు' అని మీరన్న మాట సాబ్‌ను ఎంత కోసిందో కూడా రాశాను. పటం ఇవ్వరని, వినాలంటే ఫలానా రోజు రమ్మని రాశాను. వస్తాడనుకోలేదు.

ఆ రోజు పొద్దున్నే పాత పటాన్ని కొత్త బట్టలో మూట కట్టి వాడపల్లికి పోయాం. బస్సులో మూట ఆమె ఒళ్ళోనే ఉంది, తాత లాగే. నీళ్ళలో విడిచినప్పుడు నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు. సాయంత్రానికి తిరిగొచ్చి, ఇంటి ముందు కొత్త పటం తగిలించారు. ఊరంతా వచ్చింది. ఒకప్పుడు నవ్వినవాళ్ళూ వచ్చారు. మూడో వరుసలో, ప్లాస్టిక్ కుర్చీలో, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పెద్దమనిషి కూర్చున్నాడు.

ఆమె పుల్ల తీసుకుంది. మొదట్లో రెండుసార్లు తడబడి ఆగింది. బాయి తవ్వడం మొదలయ్యేసరికి ఇక ఆగలేదు. అచ్చం వాళ్ళ నాయినే. బొక్కెన రాయికి తగిలిన శబ్దం కూడా ఆమె నోట్లోంచి అలాగే వచ్చింది. పుల్ల బొమ్మ మీద, కళ్ళు మా మీద. నేను పటం వైపు చూడటం మానేసి వెనక్కి తిరిగాను.

ఆఖరు బొమ్మ వచ్చింది. "అందరొచ్చిండ్రు. బాయి సుట్టు మూగిండ్రు. అండ్లకు వంగి చూసిండ్రు" అని ఆమె ఆగిపోయింది. మూడో వరుసలో ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. పెద్దమనిషి సగం లేచి, మెడ చాపి, ముందున్న వాళ్ళ తలల మీదుగా కిందికి చూస్తున్నాడు. అక్కడ ఉన్నది మట్టి నేల. ఆయనకు అది తెలుసు. అయినా చూస్తున్నాడు.

"నీళ్ళు పడ్డాయా అమ్మా?" అన్నాడు.

"నీళ్ళు గాదు సార్" అంది ఆమె. "అండ్ల మా తాత ఉన్నడు." ఆ సంగతి ఆమె ఆ రోజే మొదటిసారి నలుగురిలో చెప్పింది. మోకు కట్టి దింపిన సంగతి, అడుగున నిలబడి కథ ఎత్తుకున్న సంగతి చెప్తుంటే ముసలివాళ్ళు ముందుకు జరిగారు. ఆ బాయి చుట్టూ నిలబడి వంగిన వాళ్ళలో ఇద్దరు అక్కడే ఉన్నారు. అవునవును, మేమే, మేం విన్నం అని వాళ్ళు లేచి నిలబడ్డారు.

పెద్దమనిషి కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాడు. కలం తీశాడు.

"మీ తాతగారి పేరు చెప్పమ్మా" అన్నాడు.

ఆమె చెప్పింది. వెనక వరుసకు కూడా వినబడేలా, వాళ్ళ నాయిన లాగా, ఇంటిపేరుతో సహా చెప్పింది. నేను ఆయన రాసుకునేది చూడలేదు, ఆమె ముఖమే చూస్తున్నాను.